మట్టి దిమ్మ, గంటల మీటరు

కోల్‌కతా నగరంలో పగటిపూట బరువు వాహనాలకు ప్రవేశం దుర్లభం. అందువల్ల ఏ సందు లోపలనో కొత్త భవనానికి పునాది తవ్వవలసి వచ్చినప్పుడు, తవ్వే యంత్రం రాత్రివేళ వస్తుంది. దుకాణాలు మూతపడి, చివరి బస్సు వెళ్లిపోయిన తర్వాత, నేలకు ఆనుకున్నంత తక్కువ ఎత్తున్న ట్రెయిలర్ మీద, ఉక్కు బాహువును ఒడిలోకి ముడుచుకుని అది సందు మొగదలకు చేరుతుంది. వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ తీగలను ఒక మనిషి వెదురుగడతో పైకెత్తి పట్టుకుంటాడు. ఇరుగుపొరుగు కిటికీలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. నిద్ర చెడిన పెద్దవారు విసుక్కుంటారు; పిల్లలు మాత్రం అరుగుల మీదికి వచ్చి కళ్లు విప్పార్చి నిలబడతారు.

యంత్రం నేల మీదికి దిగిన తర్వాత జరిగే మొదటి పని తవ్వకం కాదు. యజమాని తరఫు మనిషి ఒకడు, గుత్తేదారు తరఫు మనిషి ఒకడు ఆపరేటర్ గదిలోకి తలలు దూర్చి, టార్చిలైటు వెలుగులో ఒక చిన్న అంకెల పెట్టెను పరీక్షిస్తారు. అక్కడ కనిపించిన సంఖ్యను ఒక పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకాలు చేస్తారు. దానిని గంటల మీటరు అంటారు. ఇంజను తిరిగినంతసేపూ ఆ మీటరు తిరుగుతుంది. కడపటి అంకె గంటలో పదోవంతు, అంటే ఆరు నిమిషాలు. ఆ రాత్రి నుంచి యంత్రం తిరిగి వెళ్లే రోజు వరకు ఇరుపక్షాల మధ్య సాగే స్నేహానికీ, తగవుకూ, లెక్కకూ, మనస్తాపానికీ ఆ అంకెలే మూలం.

ఈ యంత్రాలను మన ఊళ్లలో పిలిచే పేర్లు కూడా విచిత్రమైనవే. ముందు తొట్టి, వెనుక తవ్వే చేయి ఉన్న చక్రాల బండి ఏ సంస్థ తయారుచేసినదైనా సరే, అది జేసీబీ. 1945లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన తన పేరులోని పొడి అక్షరాలతో సంస్థను స్థాపించాడు. 1979లో ఆ సంస్థ భారతదేశంలో అడుగుపెట్టింది. ఇక గొలుసు పట్టాల మీద నడిచి, నడుము తిప్పి మట్టి తోడే పెద్ద యంత్రాన్ని తెలుగువారు పొక్లెయిన్ అంటారు. అది ఫ్రాన్సు దేశపు సంస్థ పేరు. 1970లలో లార్సెన్ అండ్ టూబ్రో వారు ఆ సంస్థ సహకారంతో ఇక్కడ యంత్రాలను తయారుచేసినప్పుడు అంటుకున్న పేరు, ఆ సంస్థ తవ్వే యంత్రాల తయారీ మానుకున్న తర్వాత కూడా మన నాలుకను వదలలేదు. ఇప్పుడు కోల్‌కతా వీధుల్లోకి వచ్చే యంత్రాలలో కొన్ని ఆ నగరానికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో, ఖరగ్‌పూర్‌లోని టాటా హిటాచీ కర్మాగారంలో పుట్టినవి. రైల్వే కర్మాగారం కోసం తరాల క్రితం వలస వెళ్లిన తెలుగు కుటుంబాలతో నిండిన ఊరు ఖరగ్‌పూర్. అక్కడి బజారులో తెలుగు ఎంత సహజంగా వినిపిస్తుందో చూసినవారికే తెలుస్తుంది.

యంత్రాన్ని కొనకుండా అద్దెకు తెచ్చుకోవడం ఎందుకని అడిగేవారుంటారు. నాలుగంతస్తుల ఇల్లు కట్టే గుత్తేదారుకు తవ్వకం పది పదిహేను రోజుల పని. మిగిలిన సంవత్సరమంతా లక్షల విలువగల ఇనుమును ఎక్కడ కట్టివేసుకుంటాడు? పెళ్లికి వంటపాత్రలు అద్దెకు తెచ్చుకున్నట్టే ఇదీ. అయితే వంటపాత్రకు లేని బాధలు దీనికి ఉన్నాయి. పాత్ర నూనె తాగదు. పాత్ర వెంట ఇద్దరు మనుషులు రారు. పాత్ర జారి పొరుగువాడి గోడ కూలదు.

అద్దె ఒప్పందంలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. చిన్న పనికి గంటకింత అని మాట్లాడుకుంటారు. పెద్ద పనికి నెలకింత అని నిర్ణయించి, ఆ నెలలో ఇన్ని గంటలు నడపవచ్చునని హద్దు పెడతారు. సాధారణంగా ఆ హద్దు రెండు వందల గంటలు. నెలకు ఇరవై ఆరు పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటలు అన్న లెక్కకు అది దగ్గరగా ఉంటుంది. యంత్రం ఆ రెండు వందల గంటలూ నడవకపోయినా అద్దె తగ్గదు. అంతకు మించి నడిస్తే అదనం. డీజిలు అద్దెకు తీసుకున్నవాడిది. ఆపరేటరు, హెల్పరు జీతాలు యజమానివి; వారి వసతి, భోజనం చాలాచోట్ల పని చేయించుకునేవాడివి. ట్రెయిలర్ మీద తెచ్చి దింపే ఖర్చు, తిరిగి తీసుకుపోయే ఖర్చు ఎవరివో ముందుగానే రాసుకోవాలి. రాసుకోనివారు ఆఖరు రోజున కోల్‌కతా రహదారి మీదనే నిలబడి వాదించుకుంటారు. యంత్రం చెడిపోతే మరమ్మతుకు నెలకు ఒకటి రెండు రోజుల గడువు ఇచ్చి, ఆపైన నిలిచిన ప్రతి రోజుకూ అద్దె కోస్తారు.

ఇంతవరకు చదివినవారికి ఇదంతా చక్కని ధర్మంగానే కనిపిస్తుంది. చిక్కు వచ్చేది వానతో. జూన్ రెండోవారం దాటిన తర్వాత వంగదేశంలో ఆకాశానికి మొహమాటం ఉండదు. సాయంత్రం తవ్విన గొయ్యి తెల్లవారేసరికి చెరువై కూర్చుంటుంది. నీరు తోడే పంపులు రాత్రింబవళ్లు నడిచినా అడుగు జారుడుబురదగానే ఉంటుంది. యంత్రం గట్టు మీద తడుస్తూ నిలబడుతుంది. ఒప్పందం గంటల లెక్కన అయితే ఆ నష్టం యజమానిది. నెల లెక్కన అయితే గుత్తేదారుది. కనుకనే వైశాఖం ముగిసేనాటికి యజమానులందరూ నెల ఒప్పందాన్ని మెచ్చుకోవడం మొదలుపెడతారు, గుత్తేదారులకు గంటల ఒప్పందం మీద హఠాత్తుగా ప్రేమ పుడుతుంది. చలికాలం రాగానే, పని ముమ్మరమైనప్పుడు, ఇరువురి అభిరుచులూ తారుమారవుతాయి. దుర్గాపూజ దినాలలో వీధులన్నీ పందిళ్లతో నిండి, టిప్పర్ వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు ఆ నాలుగైదు రోజుల అద్దె ఎవరు మోయాలన్నది వేరే పురాణం.

యజమాని అనగానే పెద్ద సంస్థను ఊహించుకోనక్కరలేదు. ఈ వ్యాపారంలో ఒకటి రెండు యంత్రాలున్న చిన్న మనుషులు ఎందరో ఉన్నారు. అలాంటివాడు ఒకడు ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు. నిన్నటి వరకు అతడు వేరొకరి యంత్రం మీద ఆపరేటరు. కూడబెట్టినది, భార్య మెడలోని బంగారం తాకట్టు పెట్టగా వచ్చినది కలిపి తొలి వాయిదాకు కట్టి, మిగిలిన మొత్తానికి అప్పు తెచ్చి యంత్రం కొన్నాడు. ప్రతి నెలా ఒకే తేదీన అప్పు కంతు కట్టవలసి ఉంటుంది. అతనికి రావలసిన బిల్లు మాత్రం రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంది. గుత్తేదారుకు పై గుత్తేదారు ఇవ్వలేదు; పైవాడికి ఇంటి యజమాని ఇవ్వలేదు; ఇంటి యజమానికి ఫ్లాటు కొంటానన్నవాడు ఇవ్వలేదు. ఈ గొలుసులో ఎవడూ అబద్ధం చెప్పడం లేదు. అయినా అప్పిచ్చినవాడి తేదీ మారదు. ఆ రోజుల్లో అతడు రాత్రి పడుకునేముందు సెల్‌ఫోను తెరిచి యంత్రం ఎన్ని గంటలు నడిచిందో చూసుకుంటాడు. ఇప్పటి యంత్రాలు తామెక్కడ ఉన్నదీ, ఎంత డీజిలు తాగినదీ, ఎంతసేపు ఊరకే ఇంజను తిప్పినదీ దూరాన ఉన్న యజమానికి తెలియజేస్తాయి. తెలిసినందువల్ల నిద్ర పడుతుందన్న హామీ మాత్రం లేదు.

ఈ అప్పుల లోకానికి ఒకప్పుడు కోల్‌కతా రాజధాని వంటిది. 1989లో ఆ నగరంలో ఆరంభమైన శ్రేయి సంస్థ నిర్మాణయంత్రాల కొనుగోలుకు అప్పులివ్వడంలో దేశమంతటా పేరు గడించింది. క్విప్పో పేరిట యంత్రాలను అద్దెకిచ్చే వ్యాపారాన్ని కూడా ఒక పద్ధతిలో నడిపింది. అయితే 2021 అక్టోబర్ 4వ తేదీన రిజర్వు బ్యాంకు శ్రేయి సంస్థల పాలకమండళ్లను రద్దుచేసి, తరువాత దివాలా పరిష్కార ప్రక్రియకు పంపింది. అప్పిచ్చేవారికి కూడా కంతులు తప్పవని దానివల్ల తేలింది. చిన్న యజమానికి అది ఊరట కాదు గదా.

యంత్రాన్ని గంటలతో కొలిచే ఈ ఆచారాన్ని చూస్తే, తెలుగువారికి మరొక కొలత గుర్తుకు రాక మానదు. పలుగు, పార, తట్టలతో భూమి తవ్విన కాలంలో కూలి గంటలకు కాదు, గుంటకు. ఎంత మట్టి లేచిందో అంత డబ్బు. అయితే లేచిన మట్టి గట్టు మీదికి పోయి కలిసిపోతుంది. తవ్విన చోట శూన్యం మాత్రమే మిగులుతుంది. శూన్యాన్ని కొలవడమెలా? అందుకని తవ్వేవారు మధ్యమధ్య కొంత నేలను తవ్వకుండా స్తంభాల వలె వదిలేవారు. పని ముగిసిన తర్వాత ఇంజనీరు వచ్చి ఆ మట్టి దిమ్మల ఎత్తు కొలిచి, గుంట లోతు నిర్ణయించేవాడు. దిమ్మ నెత్తిన ఒకనాటి నేల, ఆ నేల మీది గడ్డి అలాగే ఉండాలి. ఎందుకంటే రాత్రికి రాత్రి దిమ్మ మీద రెండు తట్టల మట్టి పోసి తట్టితే లోతు పెరుగుతుందని కనిపెట్టిన బుద్ధిమంతులు కూడా లేకపోలేదు. ఎండిన గడ్డి సాక్ష్యం చెప్పినంత నిజం ఏ చిట్టా పుస్తకమూ చెప్పదని పాత ఓవర్సీయర్లకు తెలుసు. కొలత పూర్తయి లెక్క ఒప్పుకున్న తర్వాతనే ఆ దిమ్మలను కూలదోసేవారు.

మట్టిపని, రాతిపని కులవృత్తిగా బతికిన వడ్డెరలు, కరవు తరిమితే ఊళ్లు ఖాళీచేసి బయలుదేరిన పాలమూరు జిల్లా కూలీలు ఈ దిమ్మల నడుమ తరాలు గడిపారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో నీరు విడుదలైన నాగార్జునసాగరానికి రాయి మోసినవారు, మట్టి తవ్వినవారు వేలకు వేలు. ఆ తర్వాత పాలమూరు లేబరు అన్న మాట దేశంలోని ఆనకట్టల మీదా, కాలువగట్ల మీదా ఒక వ్యవహారనామమై పోయింది. మేస్త్రి ముందుగా కొంత అప్పు ఇచ్చి, భార్యాభర్తలను ఒక జతగా లెక్కవేసి, నెలల తరబడి పరరాష్ట్రాలకు తీసుకుపోయేవాడు. అప్పు తీరేవరకు తిరిగి వచ్చే దారి ఉండేది కాదు. పలుగు పారల జీవితాన్ని కావ్యంగా చెప్పుకోవడం, నడుము నొప్పి ఎరుగనివారికి సులభం. ఆ చాకిరీని ఉక్కు బాహువు అందుకోవడంలో విచారించవలసినది ఏదీ లేదని వారిలో చాలామంది పిల్లలే చెబుతారు.

కాని లెక్క చూసినప్పుడు గుండె కొంచెం కలుక్కుమంటుంది. ఇరవై టన్నుల తరగతి యంత్రం తొట్టిలో సుమారు ఒక ఘనమీటరు మట్టి పడుతుంది. మెత్తని నేలలో, టిప్పర్లు ఆలస్యం చేయకపోతే, అది గంటకు ఎనభై ఘనమీటర్ల దాకా తోడగలదు. ఒక మనిషి రోజంతా కష్టపడితే రెండు, మూడు ఘనమీటర్లు. అంటే మీటరులో ఒక్క గంట తిరిగితే ముప్ఫైమంది ఒక రోజు కూలి అందులో ఇమిడిపోయినట్టు. కోల్‌కతా పొలిమేరల్లో కోదాలు, వెదురు బుట్ట పట్టుకుని తెల్లవారుజామున కూడలిలో నిలబడే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. యంత్రం చేరలేని మూలలను చెక్కడానికీ, పునాది అడుగును చదును చేయడానికీ వారిని పిలుస్తారు. యంత్రం వదిలేసినది వారి వంతు.

కోల్‌కతా మట్టి అంత సులువుగా లొంగే మట్టి కాదు. గంగానది యుగయుగాలుగా తెచ్చి పోసిన ఒండ్రు మీద ఆ మహానగరం నిలిచి ఉంది. పైపొరల కింద మెత్తని బంకమన్ను, నడుమ నడుమ కుళ్లిన చెట్ల అవశేషాలు, ఇసుక పొరలు. కొద్ది అడుగుల లోతులోనే నీరు. గట్టిరాయి కోసం ఎంత లోతుకు దిగినా కనిపించదు. 1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన భూగర్భ రైలుమార్గం ఈ మట్టితోనే పన్నెండేళ్లు పోరాడింది. చౌరంగీ రహదారిని పైనుంచి తవ్వి, సొరంగం కట్టి, మళ్లీ పూడ్చే పద్ధతిలో చాలాభాగం పని జరిగింది. తవ్వకముందే, ఇరుపక్కలా సన్నని లోతైన కందకాలు తీసి, అవి కూలకుండా బెంటొనైటు బంకద్రవాన్ని నింపి, ఆ ద్రవాన్ని తొలగిస్తూ కాంక్రీటు పోసి భూమిలో గోడలు కట్టారు. ఆ గోడల మధ్యనే మట్టి తీశారు. బెల్గాఛియా, శ్యాంబజార్ల నడుమ మాత్రం రైలు యార్డు, కాలువ అడ్డం రావడంతో గాలిపీడనంతో సొరంగం తొలిచారు. నగరవాసులు గుంతల పక్కనుంచే కార్యాలయాలకు నడిచి, గుంతల మీది పలకల మీదుగానే పెళ్లి ఊరేగింపులు నడిపి, చివరికి 1984 అక్టోబర్ 24న ఎస్‌ప్లనేడు నుంచి భవానీపూర్ వరకు దేశంలోనే మొదటి మెట్రోరైలు ఎక్కారు. తెలుగు కవులు ఆ ఓర్పు మీద పద్యాలు రాయకపోవడం ఒక లోటే.

అంతకంటె శక్తిమంతమైన యంత్రాలు 2017లో హుగ్లీ నది అడుగున సుమారు 520 మీటర్లు తొలిచి ఆవలి ఒడ్డుకు చేరాయి. 2024 మార్చిలో నది కింద రైలు నడిచింది. ఆ విజయానికీ ఈ మట్టికీ మధ్య 2019 ఆగస్టు 31 వచ్చింది. బౌబజార్ ప్రాంతంలో చండీ అని పేరు పెట్టిన సొరంగయంత్రం నీటిపొరను తాకింది. ఇసుకతో కలిసిన నీరు సొరంగంలోకి ఉరికింది. పైన తరతరాలుగా నిలిచిన ఇళ్లు బీటలు వారి, కొన్ని కూలిపోయాయి. కంసాలులు, వ్యాపారులు నివసించే ఇరుకు సందుల వారు కట్టుబట్టలతో బయటికి వచ్చి హోటళ్లలో తలదాచుకున్నారు. 2022లో మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి అదే చోట మళ్లీ పగుళ్లు కనిపించాయి. భూమిని శాసించగల యంత్రం కూడా ఆ సందుల అడుగున ఎంత జాగ్రత్తగా మసలవలసి ఉన్నదో అప్పుడు నగరమంతటికీ తెలిసింది.

అద్దె యంత్రం అంత లోతుకు పోదు. కాని దాని ముందున్న ప్రశ్న అదే జాతికి చెందినది. పక్క ఇంటి పాతగోడ పునాది ఎంత లోతు ఉందో ఎవరూ చూడలేదు. వీధి కింద బ్రిటిషువారి కాలపు ఇటుక మురుగుకాలువలు, మంచినీటి గొట్టాలు, టెలిఫోను, విద్యుత్తు తీగలు పెనవేసుకుని ఉన్నాయి. తవ్వకానికి ముందు ఆయా సంస్థలకు కబురు చెప్పడానికి కేంద్రప్రభుత్వం 2023 మార్చిలో ఒక సెల్‌ఫోను సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. మంచిదే. అయితే ఆపరేటరు తన గదిలో కూర్చుని చూసేది తొట్టి పళ్లను మాత్రమే. తొట్టి అంచుకు ఏదో తగిలినట్టు చేతి మీటల్లో సన్నని వణుకు తెలుస్తుంది. రాయి తగిలితే ఒక రకం, చెట్టు వేరు తగిలితే ఒక రకం, గొట్టం తగిలితే మరొక రకం అని అనుభవజ్ఞులు అంటారు. అది ఏ శిక్షణ పుస్తకంలోనూ లేని విద్య. హెల్పరుగా చేరి, ఏళ్లతరబడి గ్రీజు పూసి, గొలుసుల మట్టి గీకి, మధ్యాహ్నం ఆపరేటరు కునుకు తీసేటప్పుడు భయంభయంగా మీటలు కదిపి నేర్చుకున్నది.

ఆ వణుకు తెలిసిన క్షణంలో ఆపి దిగి చూడాలా, సాగిపోవాలా అన్న నిర్ణయం ఆపరేటరుది. దిగి చూస్తే పది నిమిషాలు పోతాయి. గంటల ఒప్పందం అయితే గుత్తేదారు మనిషి గట్టు మీద నుంచి అరుస్తాడు, ఇంజను తిరుగుతున్నది, తన డబ్బు తిరుగుతున్నదని. ఇంజను ఆపివేస్తే యజమాని సాయంత్రం ఫోనులో అడుగుతాడు, ఇవాళ గంటలు ఎందుకు తగ్గాయని. ఇరువురికీ మధ్య నెలజీతం మీద కూర్చున్న మనిషి ఆ పది నిమిషాలను తన సొంతంగా ఖర్చుపెట్టాలి. గొట్టం తెగితే, పొరుగు గోడ కుంగితే ఒప్పందంలో దాని బాధ్యత ఎవరిదని రాశారో వెతుకుతారు. చిన్న పనులకు చాలాసార్లు ఒప్పందమే ఉండదు. ఉన్నది ఒక ఫోను మాట, ఒక చిట్టాపుస్తకం. అందులో గంటలున్నాయి. గోడ గురించి ఏమీ లేదు.

మట్టి దిమ్మకు ఈ చిక్కు లేదని కాదు. అది కూడా తవ్వినవాడి వేళ్లు తెగినదీ, గట్టు విరిగిపడినదీ రాసుకోలేదు. కాని గుంట అలాగే ఎదుట ఉండగా, దాని నడుమ నిలబడి, జరిగినది ఎంతో అది చూపించింది. గంటల మీటరు మాత్రం ఇంజను తిరగడాన్నే రాసుకుంటుంది. యంత్రం భూమిని తవ్వినా, ఊరకే గురక పెట్టినా, నిషేధమున్న చెరువును రాత్రిపూట గుట్టుచప్పుడు కాకుండా పూడ్చినా దానికి ఒకే అంకె. చెరువులు పూడ్చరాదనే చట్టం పశ్చిమబెంగాలులో ఉన్నది. పూడ్చిన చెరువులు కూడా ఉన్నవి.

పని ముగిసిన రాత్రి ట్రెయిలర్ మళ్లీ వస్తుంది. గొయ్యి అడుగున ఇనుప చువ్వల వల అప్పటికే పరుచుకుని ఉంటుంది. హెల్పరు ఇనుపకమ్మీ తీసుకుని గొలుసుపట్టాల సందుల్లో ఇరుక్కున్న బంకమన్నును గీకి కింద రాలుస్తాడు. అలా గీకకపోతే ఆ మట్టి నగరం దాటి, మరో నగరపు నేల మీద రాలుతుంది. పోలీసులు రోడ్డు పాడుచేశారని ఆపుతారు. ఆపరేటరు యంత్రాన్ని వాలుపలకల మీదుగా మెల్లగా ఎక్కించి, బాహువును ముడిచి, ఇంజను ఆపుతాడు. అంతవరకు అలవాటైన మోత ఆగేసరికి సందు ఒక్కసారిగా విశాలమైనట్టు ఉంటుంది.

యజమాని మనిషి, గుత్తేదారు మనిషి చిట్టాపుస్తకం తెరిచి గదిలోకి తలలు దూర్చారు. మొదటి రాత్రి రాసిన అంకె ఒక పక్కన, ఈ రాత్రి అంకె ఒక పక్కన. తేడా తీస్తే గుత్తేదారు లెక్కకంటె అరగంట ఎక్కువ వచ్చింది. ఆ అరగంట ఎక్కడిదో ఇద్దరికీ గుర్తు లేదు. ఆపరేటరును అడుగుదామని చూస్తే, అతడు ట్రెయిలర్ ముందుభాగంలో డ్రైవరు పక్కన అప్పటికే నిద్రపోయాడు. ఎవరో టార్చిలైటును మీటరుకు మరికొంచెం దగ్గరగా పట్టారు.